అయాచితం

"నూట పదహార్లకి ఆవొస్తుందా పంతులుగారూ?" అన్నాడు ఉపదేశి, అరిటాకు మడుస్తూ.

ఆ రోజు సత్యనారాయణపురంలో ఒక ఒడుగు చేయించాను. వటువుకి ఇరవై ఆరేళ్లు. రేపు పెళ్లి, అంచేత ఇవాళ ఒడుగు. జాతకర్మ నుంచి చౌలం దాకా ఏదీ వేళకి జరగలేదు గనక ముందు ఆ లోపాలకి ప్రాయశ్చిత్తం. ఒక్కో లోపానికి ఇన్ని కృచ్ఛ్రాలని లెక్క. కృచ్ఛ్రమంటే పన్నెండు రోజుల కటిక వ్రతం. చెయ్యలేనివాడు బదులుగా ఒక గోవునివ్వొచ్చు. గోవు లేకపోతే గోమూల్యం. అదీ బరువైతే యథాశక్తి. ఇన్ని మెట్లు దిగొచ్చాక పళ్లెంలో ఒక వంద నోటు, ఒక పది, ఒక అయిదు, ఒక రూపాయి బిళ్ల పడ్డాయి. నేను మంత్రం చెప్పేశాను. ఉపదేశి ఆ ఇంటివాళ్లకి స్నేహితుడు. వెనక కుర్చీలో కూర్చుని అంతా విన్నాడు.

అతను గుణదల వైపు ఒక కతోలిక్ చర్చి విచారణలో పిల్లలకి జపాలు నేర్పుతాడు, ఫాదర్‌గారు లేనప్పుడు ప్రార్థన నడిపిస్తాడు. నాకంటే పన్నెండేళ్లు చిన్న. అతన్ని పదకొండేళ్ల పిల్లాడిగా ఎరుగుదును. ఎలా ఎరుగుదునో తర్వాత చెప్తాను, ఈ రాతంతా దాని గురించే.

"మీవాళ్లేం తక్కువ తిన్లేదయ్యా," అన్నాను. "1517లో టెట్జెల్ అనే సన్యాసి జర్మనీలో ఊరూరా తిరిగి పరిహార పత్రాలు అమ్మలేదూ?"

"అవి పాపానిక్కాదండీ, మన్నింపు అయ్యాక మిగిలిపోయిన శిక్షకి."

"మాకూ అలాంటి సర్దుబాట్లు చాలా ఉన్నాయిలే," అన్నాను. ఇద్దరం నవ్వుకుని చెయ్యి కడుక్కున్నాం.

నవ్వుకున్నాం గానీ ఈ లెక్కల పుస్తకాలు రెండు మతాల్లోనూ ఎంత ఒకేలా ఉంటాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మా స్మృతి నిబంధాల్లో ఒక కృచ్ఛ్రానికి సరిసమానం ఒక గోవు, లేదా పదివేల గాయత్రి, లేదా పన్నెండుమంది బ్రాహ్మలకి భోజనం. ఆరో శతాబ్దం నుంచి ఐర్లండు మఠాల్లో రాసుకున్న ప్రాయశ్చిత్త గ్రంథాల్లోనూ ఇదే వరస. ఈ పాపానికి ఇన్నేళ్లు రొట్టె, నీళ్లు. ఓపిక లేదా, ఇన్ని కీర్తనలు చదువు. ఇంకా తొందరా, దురద ఆకుల మీద పడుకో, లేదా గోతిలో శవం పక్కన ఒక రాత్రి గడుపు. పదో శతాబ్దపు ఇంగ్లండులో గొప్పవాళ్లకి ఇంకో సౌకర్యం ఉండేది. తనకు పడిన ఏడేళ్ల ఉపవాసాన్ని వందలమంది చేత తలా మూడ్రోజులు చేయించి ముగించుకోవచ్చు. మన రాజులు వేలమంది చేత జపాలు చేయించిన వైనం గుర్తొస్తుంది. పాపం చేసినవాడు ఒకడు, పస్తున్నవాడు ఇంకొకడు.

కానీ ఒకసారి నాకు బదులు దొరకలేదు.

1987 మార్చి. నాకు ఇరవై మూడేళ్లు. నిడమానూరులో రాత్రి ముహూర్తం చేయించి టీవీయస్ ఫిఫ్టీ మీద ఏలూరు కాలవ గట్టున వస్తున్నాను. కరెంటు లేదు. నా బండి దీపం మిణుగురు పురుగుకి నయం. ఏదో అడ్డం వచ్చింది, మెత్తగా తగిలింది, నేను ఎగిరి పడ్డాను. లేచి చూస్తే దూడ. పదిహేను రోజులది కూడా ఉండదు. మెడ ఒక పక్కకి వాలిపోయి కాళ్లు కొట్టుకుంటోంది. పాకలోంచి "ఎవురయ్యా అదీ?" అని ఆడగొంతు వినపడింది. బండి లేవదీసుకుని వచ్చేశాను. మోకాలి దెబ్బ గురించి ఇంట్లో అడిగితే, జారిపడ్డానన్నాను.

ఆ పాక ఎవరిదో నాకు తెలుసు. రోజూ మా వీధిలో పాలు పోసే ఆవిడది. రోమన్ కతోలిక్కులు. ఆవిడ చెంబు ఎత్తి పట్టుకుని మా గిన్నెలోకి ధారగా పోసేది. చెంబు గిన్నెకి తగలకూడదు. ఆవిడ గుమ్మం ఎక్కకూడదు. అప్పట్లో అదేదో ప్రకృతి నియమమన్నట్టే ఉండేవాళ్లం.

తొమ్మిది రోజులు పట్టింది నాన్నకి చెప్పడానికి. సంకల్పంలో రోజూ రెండు పూటలా అనే మాటే, చేసిన దురితాలన్నీ క్షయం కావాలని. ఆ మాట దగ్గర గొంతు పట్టేసేది. నాన్న తిట్టలేదు. మూడు ప్రశ్నలడిగారు. చూసి గుద్దావా, చూడకా? దూడ వయసెంత? గుద్దాక ఆగావా? మూడోదానికి నేను తలొంచుకున్నాను.

"గుద్దింది అకామకృతం. పారిపోయింది సకామం. రెండూ వేరు వేరు ఖాతాలు," అన్నారు, బీరువాలోంచి పరాశర మాధవీయం తీస్తూ. పరాశర స్మృతి కలియుగానికని పేరు. 14వ శతాబ్దంలో బుక్కరాయల మంత్రి మాధవాచార్యులు దానికి పెద్ద వ్యాఖ్య రాశారు. మనుస్మృతి గోవును చంపినవాడికి మూడు నెలలు వేసింది. తల గొరిగించుకుని, ఆ ఆవు తోలే కప్పుకుని, గోశాలలో పడుండాలి. పగలు ఆవుల వెంట తిరగాలి. అవి నిలబడితే నిలబడాలి, నడిస్తే నడవాలి, వాటి గిట్టల దుమ్ము పీల్చాలి. చిన్నప్పుడు అది చదివి క్రూరంగా ఉందనుకున్నాను. ఇప్పుడు చదివితే వేరేగా కనిపిస్తుంది. దేన్ని చంపావో దాని నడక నేర్చుకో అంటున్నాడు.

నా శిక్ష అంత దూరం పోలేదు. మూడు పనులు చెప్పారు. మొదటిది పరిషత్తు. స్నానం చేసి తడిబట్టలతోనే పెద్దల ముందు నిలబడి చేసింది చెప్పుకోవాలి. మా అరుగు మీద ముగ్గురు ముసలి శ్రోత్రియులు కూర్చున్నారు. చెప్పాను. ప్రాజాపత్య కృచ్ఛ్రం విధించారు, తాంబూలం పుచ్చుకున్నారు, వెళ్లిపోయారు. క్షమించాం అని ఒక్కరూ అనలేదు. అనే అధికారం వాళ్లకి లేదు. ప్రాయమంటే తపస్సు, చిత్తమంటే నిశ్చయం, ఇదీ ఆ మాటకి స్మృతికారులు చెప్పే అర్థం. అందులో క్షమ ఎక్కడా లేదు. ఒప్పుకోవడం, పశ్చాత్తాపపడడం, తపస్సు చెయ్యడం, ఇక చెయ్యనని నిశ్చయించుకోవడం, అన్నీ మనువు చెప్పాడు. మన్నించేవాడు మాత్రం ఆ పట్టికలో లేడు. పాపం అంటిన మసి, తపస్సుతో తోముకోవాలి, అంతే. భక్తి సంప్రదాయంలో దేవుడు క్షమిస్తాడు, నిజమే. మా ధర్మశాస్త్రపు అరుగు మీద ఆ రోజు ఆయన కూర్చోలేదు.

రెండోది, ఆవిడ దగ్గరికి వెళ్లి చెప్పడం. దూడ ఖరీదివ్వడం.

వెళ్లాను. పాక ముందు ఆవు కట్టేసి ఉంది. దాని ముందు దూడ నిలబడి ఉంది! ఒక్క క్షణం గుండె ఆగింది. దగ్గరికెళ్తే తెలిసింది. దూడ తోలు ఒలిపించి, లోపల గడ్డి కుక్కించి, నాలుగు కర్రలు గుచ్చి నిలబెట్టారు. లేకపోతే ఆవు చేపదు. ఆవు ఆ గడ్డిదూడని నాకుతోంది. నాకిన చోట వెంట్రుకలు ఊడి తోలు తేలింది.

చెప్పాల్సింది చెప్పాను. ఆవిడ కాసేపు ఆవు వైపే చూసింది. "పోన్లెండి చిన్నపంతులుగారూ. తపస్సుకాలం. మన్నించానులెండి. డబ్బులొద్దు," అంది.

నాకు రెండు విషయాలు నచ్చలేదు. ఒకటి, అంత సుళువుగా మన్నించడం. నా ముందు పన్నెండు రోజుల ఆకలి ఉంది, ఈవిడ ఒక్క మాటలో తేల్చేసింది. రెండోది, ఆ నోట తపస్సు అన్న మాట.

తపస్సంటే మాకు ఇంద్రకీలాద్రి. కనకదుర్గమ్మ కొండ మీద అర్జునుడు పాశుపతం కోసం చేసినది తపస్సు. అతనేం పాపం చేశాడని? రావణుడూ చేశాడు, హిరణ్యకశిపుడూ చేశాడు, వరాలు గుంజుకున్నారు. తపస్సు మాలో ఒక వేడి, ఒక శక్తి. మంచివాడి చేతిలోనూ చెడ్డవాడి చేతిలోనూ పనిచేస్తుంది. తెలుగు కతోలిక్కులు ఆ మాటని ఈస్టరుకి ముందు వచ్చే నలభై రోజుల కాలానికి పెట్టుకున్నారు. అది మొదలయ్యే రోజు విభూది బుధవారం. కిందటేడాది మట్టల ఆదివారపు మట్టలు కాల్చిన బూడిద నుదుట పెడతారు. విభూతి పెట్టుకునే మాకు అది ఐశ్వర్యం, వాళ్లకి అది నువ్వు మన్నువే అని గుర్తు చెయ్యడం. మాటలన్నీ మా ఇంటివే, కాపరం వేరు. వాళ్ల పూజ దివ్యబలిపూజ. అక్కడ పంచేది దివ్యసత్ప్రసాదం. బైబిలు తెలుగులో దహనబలి ఉంది, హోమం ఉంది, నైవేద్యం ఉంది. 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెగ్రాంజెస్ దొరల దగ్గర్నుంచి అనువాదాలకి కూర్చున్నవాళ్లంతా మా పురోహితుల సంచీలోంచే మాటలు ఏరుకున్నారు. వేరే ఎక్కడ ఏరుకుంటారు!

ఒక్క మాట మాత్రం వాళ్లు కొత్తగా కుట్టారు. మారుమనస్సు. గ్రీకులో మెటనోయా అన్నదానికి. ఆ మాటని లాటిన్‌లో ప్రాయశ్చిత్తం చెయ్యండి అనే అర్థం వచ్చేట్టు చదువుకుంటూ వచ్చారు. 1516లో ఎరాస్మస్ గ్రీకు మూలం అచ్చువేశాక, అసలు మాట మనసు మారడమని లూథర్ పట్టుకున్నాడు. యూరప్ రెండు ముక్కలవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. తెలుగులో ఆ తగువు రెండు మాటలుగా ప్రశాంతంగా పక్కపక్కనే పడుంది. ప్రాయశ్చిత్తం అంటే చెయ్యాలి, మారుమనస్సు అంటే పొందాలి. తెలుగు క్రియాపదమే తేడా చెప్పేస్తుంది.

మన్నింపు సుళువని నేననుకోవడం కూడా పొరపాటే. క్రైస్తవం మొదటి శతాబ్దాల్లో పెద్ద పాపం చేసినవాణ్ణి గోనెపట్టతో గుడి తలుపు బయట ఏళ్ల తరబడి నిలబెట్టేవారు. థెస్సలొనీకలో ఊచకోత చేయించిన థియొడోసియస్ చక్రవర్తి చేత కూడా 390లో మిలాను బిషప్ అంబ్రోసు ప్రాయశ్చిత్తం చేయించాడు. మా ఆపస్తంబుడు కూడా అలాంటివాడే. బ్రహ్మహత్య చేసినవాడు పుర్రె పట్టుకుని, నేను పాపినని ఇంటింటా చెప్పుకుంటూ పన్నెండేళ్లు ముష్టెత్తాలి. రెండు చోట్లా శిక్ష ముందు, ఊళ్లోకి రానివ్వడం తర్వాత. వెయ్యేళ్ల కిందట పడమట ఈ వరస తిరగబడింది. చెవిలో చెప్పుకోవడం, వెంటనే మన్నింపు, ప్రాయశ్చిత్తం తర్వాత. 1215లో ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం తప్పదని చర్చి పెద్దల సభ తీర్మానించింది. మన్నింపు ముందే వచ్చేశాక ప్రాయశ్చిత్తం దేనికి? ఉపదేశిని అడిగాను. "బాకీ తీర్చడానిక్కాదండీ, తీర్చారని నమ్మడానికి," అన్నాడు. ఎవరు తీర్చారో నేను అడగలేదు, అతను చెప్పలేదు. ఆ జవాబు గుణదల కొండ మీద సిలువగా నిలబడే ఉంది.

ఇక్కడ ఆ గడ్డిదూడ నాకు మళ్లీ గుర్తొస్తుంది. బదులు. యజ్ఞం చరిత్రంతా బదుళ్ల చరిత్రే. సోమయాగంలో దీక్షితుడు తన్ను తాను దేవతలకి ఇచ్చేసుకున్నట్టే, అగ్నీషోమీయ పశువుతో తన్ను తాను విడిపించుకుంటాడని ఐతరేయం అంటుంది. అదే ఐతరేయంలో శునశ్శేపుడి కథ. హరిశ్చంద్రుడి కొడుక్కి బదులు ఆ పిల్లాణ్ణి కన్నతండ్రే నూరావులకి అమ్మి, ఇంకో నూరుకి యూపానికి కట్టి, ఇంకో నూరుకి కత్తి నూరుకుంటూ వస్తాడు. కట్లు విడిపోయాయి, విశ్వామిత్రుడు కొడుకుగా చేసుకున్నాడు. ఇస్సాకు కథలో పొద చాటున పొట్టేలు దొరికింది. శతపథం ఇంకా ముందుకెళ్లింది. బలికి తగిన సారం మనిషిలోంచి గుర్రంలోకి, ఎద్దులోకి, గొర్రెలోకి, మేకలోకి జారి, ఆఖరికి నేలలో దిగి వడ్లలో, యవల్లో దొరికిందట. అందుకే పురోడాశం, పిండిరొట్టె. ఇవాళ గృహప్రవేశానికి మనం పగలగొట్టే బూడిదగుమ్మడికాయా ఆ దారిలోదే.

క్రైస్తవం ఈ దారిని వెనక్కి నడిచింది. మేక నుంచి మళ్లీ మనిషికి, మనిషి నుంచి దేవుడికే. ఒక్కసారే, ఇక మళ్లీ అక్కర్లేకుండా. అక్కణ్ణుంచి మళ్లీ గోధుమ అప్పంలోకి. చివరికి పిండిలోనే కలిశాం గానీ వచ్చిన దారులు ఎదురెదురు.

ఇవి రెండూ ఒకటే అనేవాళ్లంటే నాకు పడదు. కృష్ణమోహన్ బెనర్జీ 1875లో ప్రజాపతి యజ్ఞం క్రీస్తుకి ముందు నీడ అని పుస్తకం రాశాడు, పండితుడు కాబట్టి మర్యాదగా రాశాడు. మన బోధకులు కొందరు పాపపరిహారానికి రక్తం చిందక తప్పదని వేదంలోనే ఉందంటూ ఒక సంస్కృత వాక్యం మైకులో చదువుతుంటారు. తైత్తిరీయం మా తాతల ఆస్తి, నేను వెతికాను, నాకు కనపడలేదు. ఆ సంస్కృతం నడకే వేదం నడక కాదు. ప్రజాపతి ముక్కలైంది లోకం పుట్టడానికి, పాపం కడగడానికి కాదు. మా యజ్ఞం వానకి, స్వర్గానికి, కొడుకులకి. పుట్టుకతోనే మూడు ఋణాలున్నాయని తైత్తిరీయమే అంటుంది, ఋషులకి, దేవతలకి, పితరులకి. ఋణం నేరం కాదు. అప్పున్నవాడు తలెత్తుకుని బతకొచ్చు, నెలనెలా కట్టుకుంటే చాలు.

అయితే ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల తిరనాళ్లకి వెళ్లి చూడండి. తలనీలాలు, కొబ్బరికాయలు, మొక్కులు. శాస్త్రం ఎక్కడ విడదీసినా బెజవాడ జనం అక్కడ కలిపేసుకున్నారు.

నాన్న చెప్పిన పనుల్లో మూడోది, ఆ పన్నెండు రోజుల కృచ్ఛ్రం. ప్రాజాపత్యంలో మొదటి మూడు రోజులు పగలు మాత్రమే తినాలి. తర్వాత మూడు రోజులు రాత్రి మాత్రమే. ఇది తేలికే, పెళ్లిళ్లలో మాకు అలవాటే. చివరి మూడు రోజులు పూర్తి ఉపవాసం. అసలు కష్టం ఈ మధ్యలో మిగిలిన మూడు రోజులది, ఏడు, ఎనిమిది, తొమ్మిది. దాని పేరు అయాచితం. అడక్కుండా వచ్చిందే తినాలి. నోటితో అడక్కూడదు, కంటితో అడక్కూడదు, వంటింటి వైపు నడవకూడదు. ఇంట్లోవాళ్లు పెట్టకూడదని నాన్న ఇంకో ముడి వేశారు, అమ్మ పెడితే అది అడిగినట్టే అని. అంతవరకూ నేను నా ఆకలితో ఏదో కొంటున్నాను, రోజుకింత చొప్పున. ఈ మూడు రోజులూ చేతిలో ఏమీ లేదు. రావచ్చు, రాకపోవచ్చు. లెక్కల పుస్తకంలో లెక్క చెల్లని పేజీ ఇది. ఎవరు పెట్టారో, ఏం తెలిసి పెట్టారో గానీ, మహానుభావుడు.

ఏడో రోజు మధ్యాహ్నం వీధి గుమ్మంలో పాలావిడ కొడుకు, పదకొండేళ్లవాడు, చెంబుతో నిలబడ్డాడు. "అమ్మ చిన్నపంతులుగారికి ఇమ్మందండి."

నాన్న లేచి వెళ్లారు. నాకు గుండెలు దడదడలాడాయి. దూడ లేని ఆవు పాలు తాగరాదని మనుస్మృతి అయిదో అధ్యాయంలో ఉంది, నాన్నకి కంఠస్థం. కూరలో ఉప్పు ఎవరు వేశారో కూడా అడిగే మనిషి. ఏ ఆవు పాలురా అని ఒక్క మాట అంటే అయిపోతుంది. నాన్న ఆ పిల్లాణ్ణి చాలాసేపు చూశారు. తర్వాత గిన్నె తెచ్చి పట్టుకున్నారు. వాడికి ధారగా పొయ్యడం చేతకాక చెంబు మూతి గిన్నెకి ఠంగుమని తగిలింది. నాన్న ఏమీ అడగలేదు. నేను తాగాను. ఎనిమిదో రోజూ వచ్చాయి, తొమ్మిదో రోజూ వచ్చాయి.

పదో రోజూ వచ్చాడు. "ఇవాళ్టి నుంచి ఏమీ తినడురా, తీసుకుపో," అన్నారు నాన్న. వాడు చెంబు అరుగు మీద పెట్టి పరిగెత్తాడు. సాయంత్రానికి చెంబు కడిగి బోర్లించి ఉంది. పాలు ఏమయ్యాయో నేను చూడలేదు.

నాలుగేళ్ల కిందట ఆవిడ మంచాన పడింది. పాపసంకీర్తనం అయింది, అవస్థ అభ్యంగనం అయింది, చూడాలంటోందని ఉపదేశి కబురు చేశాడు. వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను.

"ఆ రోజు మన్నించానన్నాను గదండీ. అబద్ధం," అంది. "మీ అడుగుల చప్పుడు వింటే కడుపు రగిలిపోయేది. ఆ ఆవు గడ్డి నాకతా ఉంటే ఎట్టా మన్నిస్తానండీ? గుళ్లో చెప్పుకున్నాను, నోటితో మన్నించి లోపల పెట్టుకున్నానని. ఫాదర్‌గారు ప్రాయశ్చిత్తం వేశారు. మూడ్రోజులు ఆ ఆవు పాలే ఆ అబ్బాయికి పంపమన్నారు. మీ అమ్మగారు చెప్పారు గదా, మీరు అడక్కుండా తినే రోజులని. అవే కుదిరినియ్."

నా అయాచితం ఆవిడకి పడిన శిక్ష. నాకేం మాట్లాడాలో తెలీలేదు. కాసేపటికి, "మరి నాలుగో రోజు?" అన్నాను.

"నాలుగో రోజు ఎవురూ చెప్పలేదండి," అంది. దగ్గొచ్చింది, కొడుకు నీళ్లు పట్టాడు. "తాగారా అయ్యి?"

పదమూడో రోజు పొద్దున పారణకి అమ్మ వడ్డించిన అన్నంలో చిక్కటి మజ్జిగ పోసింది. ఎక్కడిదని నేను అడగలేదు.

"తాగానమ్మా," అన్నాను.